సీతాఫలం: పేరు, ఊరు, పెరడు

వానలు వెనుకబట్టి ఆకాశం తేటపడిందంటే తెలంగాణ పల్లెల నుండి పట్టణాలకు సీతాఫలాల గంపలు బయలుదేరుతాయి. దసరాకు, దీపావళికి నడుమ ఆ పండు లేని అంగడి ఉండదు. రహదారి పక్కన, రైలు స్టేషను ముందర, బస్సు ఆగిన ప్రతి చోట, ఆకులు పరచిన గంపలలో కన్నులు విచ్చిన పండ్లు పేర్చుకొని స్త్రీలు కూర్చుంటారు. రాతిగుట్ట మీద ఎవరూ నాటకుండానే మొలిచేది, ఇంటి పెరటిలో ఎవరూ పట్టించుకోకున్నా కాసేది, అంత దగ్గరి చుట్టం ఈ చెట్టు. అటువంటి చెట్టును పట్టుకొని ‘నీ ఊరేది?’ అని అడుగవలసిన అవసరమేమి వచ్చినదని శ్రోతలు అనుకొనవచ్చును. ఆ ప్రశ్న నాకు ఒక మందలింపు వలన పుట్టినది.

మా నాయనమ్మ పెరటిలో, నూతి గట్టుకు పక్కగా, ఒక సీతాఫలం చెట్టు ఉండేది. వనవాస కాలంలో సీతమ్మ తల్లి చేతి మీదుగా ఈ పండు లోకానికి వచ్చినదని ఆమె చెప్పేది. నేను కళాశాలలో చదివే రోజులలో సెలవులకు వెళ్ళి, కొత్తగా నేర్చిన చదువు గర్వంతో, ‘ఇది మన దేశపు చెట్టు కాదు నాయనమ్మా, అమెరికా నుండి పోర్చుగీసువారు తెచ్చినారు’ అన్నాను. ఆమె చేతిలోని పండును రెండుగా విప్పి, సగం నాకిచ్చి, ‘పరదేశపుదైతే దానికి సీతమ్మ పేరు ఎవరు పెట్టినారురా? నీ పోర్చుగీసువాళ్ళా?’ అన్నది. నా దగ్గర సమాధానం లేకపోయినది. ఆ మాటలో చరిత్ర చదివినవాడు గౌరవింపవలసిన ప్రశ్న ఒకటి ఉన్నదని తెలిసికొనడానికి నాకు చాలా ఏండ్లు పట్టినది.

మొదట వృక్షశాస్త్రం చెప్పే మాట విందాము. స్వీడను దేశీయుడైన లిన్నేయస్ 1753లో ప్రకటించిన గ్రంథంలో ఈ చెట్టుకు ‘అనోనా స్క్వామోజా’ అని పేరు పెట్టినాడు. ‘స్క్వామోజా’ అనగా పొలుసులు గలది. పండు పైతోలును చూచి పెట్టిన విశేషణమది. ‘అనోనా’ అనేది మాత్రం ఐరోపా మాట కాదు. కరీబియను దీవుల ఆదివాసులు తమ పండుకు పెట్టుకొన్న ‘అనోన్’ అనే పేరే లాటిను వేషం వేసుకొని శాస్త్రంలో ప్రవేశించినది. ఈ అనోనా కుటుంబంలోని చెట్లు నూరు రకాలకు పైగా ఉన్నవి. వాటిలో చాలా భాగం అమెరికా ఖండపు ఉష్ణదేశాలలోను, కొన్ని ఆఫ్రికాలోను స్వయంగా పుట్టి పెరిగినవి. ఆసియా అడవులలో పుట్టినది ఒక్కటియు లేదు. ఒక మనిషి ఊరేదో తెలియనప్పుడు అతని అన్నదమ్ములు, దాయాదులు ఎక్కడ ఉన్నారో విచారిస్తాము గదా. వృక్షశాస్త్రజ్ఞులు చేసినది అదే. పంటమొక్కల పుట్టుక గురించి 1880ల దశకంలో గొప్ప గ్రంథం వ్రాసిన ఆల్ఫోన్స్ ద కాందోల్ కూడ సీతాఫలపు ఊరు అమెరికాయే కావచ్చునని తీర్పు చెప్పినాడు.

ఇక ప్రయాణం సంగతి. వాస్కో డ గామా కోళిక్కోడు రేవు చేరినది 1498లో. రెండేండ్లకు, 1500లో, కాబ్రాల్ నాయకత్వాన ఇండియాకు బయలుదేరిన పోర్చుగీసు నౌకలు దారిలో బ్రెజిలు తీరాన్ని తాకినవి. 1510లో గోవా పోర్చుగీసువారి వశమైనది. ఆ విధంగా అమెరికా తీరము, ఆఫ్రికా తీరము, మన పడమటి తీరము ఒకే నౌకామార్గంపై మూడు మజిలీలైనవి. మిరప, జీడిమామిడి, బొప్పాయి, జామ, అనాస మొదలైనవి ఆ నూతన యుగంలో మన నేలకు వచ్చిన అతిథులే. ఇంకొక దారి తూర్పు నుండి. మెక్సికోలోని అకాపుల్కో రేవుకు, ఫిలిప్పీను దీవులలోని మనీలాకు మధ్య స్పెయినువారి నౌకలు 1565 నుండి 1815 వరకు రాకపోకలు సాగించినవి. సీతాఫలానికి ఫిలిప్పీనులో ‘ఆతిస్’ అని పేరు. వంగభాషలో ‘ఆతా’ అంటారు. మలయాళంలోను ఇదే ‘ఆత’ శబ్దం వినబడుతుంది. ఈ మాటలన్నిటికీ మూలం మెక్సికో ఆదివాసుల భాషలోని ‘అహతే’ అనే పదమని పండితులు భావించినారు. పండుతోపాటు పేరు కూడ ఓడ ఎక్కినదన్నమాట.

కొచ్చిలో డచ్చి కంపెనీ అధికారిగా ఉండిన హెండ్రిక్ వాన్ రీడ్ మలబారు మొక్కలను అక్కడి వైద్యుల సాయంతో వర్ణించి, బొమ్మలు వేయించి, ‘హోర్టుస్ మలబారికుస్’ అనే మహాగ్రంథాన్ని సిద్ధం చేసినాడు. 1678 మొదలు 1693 వరకు పన్నెండు సంపుటాలుగా అది వెలువడినది. అందులో ‘ఆత మరం’ అనే పేరుతో మన సీతాఫలం ఉన్నది. కనుక పదునేడవ శతాబ్దం ముగియక ముందే కేరళ పెరళ్ళలో ఇది పాతకాపు అయినదని నిస్సందేహంగా చెప్పవచ్చును.

ఇంతటితో వ్యాజ్యం ముగిసినదనుకుంటే పొరపాటు. నాయనమ్మ పక్షాన వాదించిన పెద్దలు లేకపోలేదు. వారిలో ప్రముఖుడు పురావస్తుశాఖకు అధిపతిగా పనిచేసిన అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్. మధ్యభారతంలో భర్హుత్ అనే చోట క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దికి చెందిన బౌద్ధస్తూప శిథిలాలను ఆయన 1873లో కనుగొన్నాడు. ఆ శిల్పాలను గురించి 1879లో ప్రకటించిన గ్రంథంలో, రాతిపై చెక్కిన ఒక పండును చూపి, ఇది సీతాఫలమే అన్నాడు. సీత, రాముల పేర్లు దీనికి ఉండడం, దేశపు కొండలలో ఇది విరివిగా పెరగడం కూడ తన వాదానికి బలమని ఆయన తలచినాడు. ఎదుటి పక్షంవారు ఒప్పుకొనలేదు. శిల్పి చెక్కినది పనసకాయ కావచ్చును, కదంబపు పూబంతి కావచ్చును, కేవలం అలంకారమే కావచ్చును అన్నారు. నిజమే, పైన గుబ్బలు గుబ్బలుగా ఉన్న ప్రతి గుండ్రని వస్తువును సీతాఫలమని చెప్పుటకు వీలులేదు.

ఆ శిల్పవాదం చల్లారిన చాలా కాలానికి ఇంకొక సాక్షి వచ్చినది. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూరు జిల్లాలో, బేలన్, అద్వా నదుల సంగమం దగ్గర, తోక్వా అనే ప్రాచీన నివాస స్థలం ఉన్నది. అక్కడి తవ్వకాలలో దొరికిన ఒక మాడిన గింజ సీతాఫలపు గింజయని, రేడియో కార్బన్ పద్ధతిని బట్టి అది క్రీస్తుకు పూర్వం రెండవ సహస్రాబ్దికి చెందినదని మన దేశపు శాస్త్రజ్ఞులు 2009లో ఒక వ్యాసం ప్రకటించినారు. అదే నిజమైతే కొలంబసుకు వేల ఏండ్ల ముందే మహాసముద్రాలు దాటి మనుషులు రాకపోకలు సాగించినారని ఒప్పుకొనవలసి వస్తుంది. అంత పెద్ద మేడను ఒకటి రెండు గింజల పునాదిపై నిలుపవచ్చునా అని సందేహించే పండితులే ఎక్కువ. అప్పటి నుండి పోర్చుగీసువారి రాక వరకు ఈ చెట్టు మన దేశంలో ఎడతెగకుండ పెరిగినదనుటకు తగిన సాక్ష్యాల వరుస లేదు. ఈనాటికీ ఎక్కువమంది అంగీకరించేది అమెరికా నుండి వచ్చినదనే మాటనే. మనకు ప్రీతిగా ఉన్నదని ఒక సాక్ష్యాన్ని పెద్దది చేయరాదు. అప్రియంగా ఉన్నదని ఒక సాక్ష్యాన్ని దాచనూ రాదు. చరిత్ర చెప్పేవాడు పాటింపవలసిన ధర్మమిదే.

అయితే సీతమ్మ పేరు మాట ఏమి? ఇక్కడే నాయనమ్మ ప్రశ్నకు మన భాషలోనే సమాధానం దొరుకుతుంది.

తెలుగువారు కొత్తగా వచ్చిన మొక్కకు పేరు పెట్టడంలో రెండు పద్ధతులు కనబడుతున్నవి. ఒకటి ‘సీమ’ అని ముందు చేర్చడం. మెక్సికో ప్రాంతపు చెట్టు వచ్చినది. కాయ చింతకాయవలె వంకర తిరిగి ఉన్నది. అది సీమచింత అయినది. ఇది గుమ్మం దగ్గర నిలబెట్టి మాట్లాడే మర్యాద. వచ్చినవాడు దూరదేశంవాడని గుర్తు ఉంచుకొనే పేరు. రెండవది ఇంటిలోకి పిలిచి పీట వేసే మర్యాద. అమెరికా నుండి వచ్చిన టమాటాకు మన పల్లెలలో రామములగ అని పేరు వచ్చినది. సీతాఫలానికి దాయాదియైన మరొక అమెరికా పండు, ఎర్రని చాయతో, గుండెకాయ ఆకారంలో, సీతాఫలాలు వెళ్ళిపోయిన తరువాత వేసవి ముఖాన పండేది, రామాఫలమైనది. ముళ్ళ తోలు గల ఇంకొక దాయాది లక్ష్మణఫలమైనది; కొన్ని చోట్ల దానినే హనుమఫలమంటారు. ఇట్లు సముద్రం దాటి వచ్చిన ఒక కుటుంబానికంతటికీ మనవారు శ్రీరామ పరివారాన్నే ఇచ్చినారు.

పేరు ప్రాచీనతకు రుజువు కాదనడానికి ఇంకొక తార్కాణం చెప్పుతాను. ఢిల్లీ ప్రాంతంలో అంగడికి వెళ్ళి సీతాఫల్ కావాలని అడిగితే గుమ్మడికాయ చేతిలో పెడతారు. మన సీతాఫలాన్ని అక్కడ షరీఫా అంటారు, అనగా గౌరవనీయమైనది. ఒకే పండు ఒక చోట సీతమ్మ పేరున, ఇంకొక చోట షరీఫాగా మర్యాద పొందినది. పేర్లు మాత్రమే వేరు. ఆదరణలో భేదం లేదు. కనుక నాయనమ్మ చెప్పినది ఒక విధంగా సత్యమే. ఆ పేరు పోర్చుగీసువారు పెట్టినది కాదు. చెట్టు ఎక్కడ పుట్టినదో ఆ పేరు చెప్పదు. దానిని ఎవరు పెంచుకొన్నారో చెప్పుతుంది.

ఈ చెట్టు కూడ ఆ ఆదరానికి తగినట్లే నడుచుకొన్నది. దక్కను గుట్టలలో బండసందులే దానికి చాలు. ఆకులోని వాసనకో, చేదుకో మేకలు, పశువులు దాని జోలికి పోవు. అందుచేతనే మేతకు ఇతర మొక్కలన్నీ నశించిన చోట కూడ ఇది నిలిచినది. ఎండలు ముదిరే వేళకు ఆకు రాల్చి ఒంటిని కాపాడుకొంటుంది. తొలకరి చినుకుకు చిగురు వేస్తుంది. తిన్నవారు ఊసిన గింజ పడిన చోటనే మొలుస్తుంది. దక్కనులో కరవు వచ్చినప్పుడు పేదలకు గుట్టల మీది సీతాఫలాలే ఆహారమై ప్రాణాలు నిలిపినవని పందొమ్మిదవ శతాబ్దపు వృక్షగ్రంథాలలో వ్రాసినారు. తోటమాలి లేని ఈ తోటలో పండు కోసుకొనడానికి ఎవరి అనుమతి అవసరం లేకపోయినది. పుట్టుక ఎక్కడైననేమి, ఆకలివేళ అన్నం పెట్టిన చెట్టును పరాయిదనగలమా?

మహబూబ్‌నగర్ జిల్లాలో బాలానగర్ అనే ఊరు ఉన్నది. హైదరాబాదులోని పారిశ్రామికవాడ బాలానగరు వేరు, ఇది వేరు. ఈ ఊరి పేరుతోనే ‘బాలానగర్’ అనే సీతాఫలపు రకం దేశమంతటా ప్రసిద్ధికెక్కినది. పండు పెద్దది, గుజ్జు తెల్లనిది, తీపి మెండు. అమెరికా నుండి వచ్చిన చెట్టుకు పాలమూరు నేల తన పేరు పెట్టి తిరిగి లోకానికి ఇచ్చినదంటే, అతిథి ఇంటివాడైనట్లే గదా.

ఇప్పుడు మన పెరటిలోకి వద్దాము. దీనిని పెంచడానికి పెద్ద తోట అవసరం లేదు. ఎండ బాగా తగిలే చోటు, నీరు నిలువని నేల ఉంటే చాలు. చల్క నేల, గరపనేల ఇష్టం. అడుగున నీరు ఊరే నల్లరేగడి పనికిరాదు. వేసవిలోనే రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంట తీసి ఎండనివ్వవలెను. తొలకరికి పైమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపి మొక్క నాటవలెను. రెండు చెట్లు పెట్టదలచినవారు నడుమ పదిహేను అడుగులైన ఎడమివ్వవలెను. గింజ నాటితే మూడు నాలుగేండ్లకు కాపు వస్తుంది. కాని గింజ మొక్కకు తల్లి గుణం తప్పక వస్తుందనే నమ్మకం లేదు. మంచి రకమే కావలసినవారు నమ్మకమైన చోట అంటుమొక్క తెచ్చుకొనడం మేలు. ఆకు రాలి చెట్టు బోడిగా ఉన్న కాలంలో ఎండుకొమ్మలు, అడ్డుకొమ్మలు తీసివేస్తే, కొత్త చిగురుతోపాటు పూత కూడ బాగుంటుంది.

చాలామంది ఇళ్ళలో వినే ఫిర్యాదు ఒకటి ఉన్నది. ‘చెట్టు నిండా పూత, కాయలు మాత్రం నాలుగే’ అంటారు. దీనికి కారణం ఆ పువ్వు స్వభావంలోనే ఉన్నది. మూడు మందపాటి రేకులతో, ఆకుపచ్చ కలిసిన పసుపు రంగుతో, పువ్వు తలవంచి వేలాడుతుంది. రేకులు సగం విచ్చినప్పుడు లోపలి కీలాగ్రాలు తడిగా ఉండి పుప్పొడిని స్వీకరించడానికి సిద్ధంగా ఉంటాయి. కాని ఆ సమయానికి ఆ పువ్వులోని పుప్పొడి ఇంకా విడలేదు. రేకులు పూర్తిగా విచ్చి పుప్పొడి రాలే వేళకు కీలాగ్రాలు ఎండిపోతాయి. ఒకే ఇంటిలో ఉన్న ఇద్దరు, ఒకరు వచ్చేసరికి ఒకరు బయటికి పోయినట్లు, వారికి కలయిక లేదు. ఒక పువ్వు నుండి ఇంకొక పువ్వుకు పుప్పొడి మోసే పని చిన్న చిన్న పెంకుపురుగులది. అవి చాలినన్ని రాకున్నా, వేడిగాలి వీచినా, పూత వృథాగా రాలుతుంది.

దీనికి పెరటి యజమాని చేయగల ఉపాయం ఉన్నది. ఉదయం వేళ, ఎండ ముదరక ముందు, పూర్తిగా విచ్చిన పూల పుప్పొడిని ఒక చిన్న గిన్నెలోకి దులుపుకొనవలెను. పిల్లలు బొమ్మలు వేసే మెత్తని కుంచెతో దానిని అద్దుకొని, సగం విచ్చిన పువ్వు రేకులను వేలితో మెల్లగా ఎడంచేసి, నడుమనున్న కీలాగ్రాల చుట్టూ అంతటా తాకించవలెను. ‘అంతటా’ అని ఎందుకు చెప్పుతున్నానంటే, సీతాఫలం నిజానికి ఒక పండు కాదు. అనేక చిన్న పండ్ల కూటమి. ఒక్కొక్క కన్ను ఒక్కొక్క అండకోశం నుండి వచ్చినది. పుప్పొడి ఒక పక్కనే తగిలితే కాయ ఆ పక్కనే ఊరి వంకర పోతుంది. అంతటా తగిలితే గుండ్రంగా వస్తుంది. పురుగు చేయవలసిన పనిని మనిషి చేయడం వింత కాదు. 1908లో అమెరికాలోని ఫ్లోరిడాలో వెస్టర్ అనే శాస్త్రజ్ఞుడు సీతాఫలాన్ని దాని దాయాదియైన చెరిమోయాతో సంకరం చేసి ‘ఆటెమోయా’ అనే కొత్త పండును పుట్టించినది ఈ చేతి విద్యతోనే. బెంగుళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థవారు ఆ ఆటెమోయా వంశాన్ని తిరిగి సీతాఫలంతో కలిపి, గింజలు తక్కువగా ఉండే ‘అర్క సహన్’ అనే రకాన్ని తీసినారు.

కాయ పెరిగే రోజులలో పిండినల్లి పట్టకుండ చూచుకొనవలెను. చీమలు బారులుగా చెట్టెక్కుతున్నవంటే అది వచ్చినదని గుర్తు. వేపనూనెను కొద్దిగా సబ్బు కలిపిన నీటిలో చిలికి చల్లితే తొలిదశలో చాలవరకు అదుపులో ఉంటుంది. కన్నులు ఎడమై, వాటి నడుమ గీతలు లేత పసుపుగా మారినప్పుడు కాయ కోయవలెను. అంతకు ముందు కోస్తే మాగదు. చెట్టునే వదిలితే పగిలి పక్షుల పాలగును. కోసిన కాయను గడ్డిలోనో, బియ్యంలోనో ఉంచితే మూడు నాలుగు రోజులకు మెత్తబడుతుంది. పచ్చికాయను శీతలయంత్రంలో పెట్టరాదు, నల్లబడి చెడుతుంది.

ఒక హెచ్చరిక కూడ చెప్పకుండ ముగించరాదు. సీతాఫలపు గింజలను నూరి పేల మందుగా తలకు పట్టించే అలవాటు మన ఇళ్ళలో ఉన్నది. ఆ పొడి కంటిలో పడితే తీవ్రమైన హాని కలుగుతుంది. పిల్లల తలకు దానిని ఎన్నడూ పట్టించవద్దు. గింజలు విషపూరితమైనవి, నూరి లోపలికి తీసికొనరాదు.

మా నాయనమ్మ లేదు. పంపకాలలో ఆ పెరటికి నడుమ గోడ లేచినది. చెట్టు గోడ దారిలో ఉన్నందున కొట్టివేసినారు. దాని పండ్ల గింజలలో కొన్నింటిని అంతకు ముందే నేను తెచ్చి నా అద్దె ఇంటి ఆవరణలో నాటినాను. రెండు మొలిచినవి, ఒకటి నిలిచినది. దాని పండు నాయనమ్మ చెట్టు పండంత పెద్దది కాదు. కన్నులు చిన్నవి, గింజలు ఎక్కువ. అయినను మొదటి పండును విప్పినప్పుడు, ఆనాడు నేను చెప్పలేకపోయిన సమాధానం చెప్పవలెననిపించినది. చెట్టు దూరదేశం నుండే వచ్చినది నాయనమ్మా. నేను చదివినది అబద్ధం కాదు. పేరు మాత్రం నీవంటివారే పెట్టినారు. నీళ్ళు పోసినవారు, గింజ ఊసినవారు, కరవులో దాని నీడకు చేరినవారు పెట్టినారు. అందులో నీదే పైచేయి.

శ్రోతలలో పెరడు ఉన్నవారు ఈ ఏడు ఒక గింజైన నాటవలెనని నా మనవి. పెరడు లేనివారు, పండు కొన్నప్పుడు గంపలో పెట్టి అమ్మే అమ్మను అది ఏ గుట్ట నుండి వచ్చినదో అడుగవలెను. ఆమె చెప్పే ఊరే నేడు దాని ఊరు.